తలలో శనగగింజంత మచ్చ

ఈ రాతలో మూడు రకాల సంగతులు ఉన్నాయి. నాకు గుర్తున్నవి, నా డైరీలో ఉన్నవి, నా భార్య సత్యవతి చెప్పినవి. మొదటి రకాన్ని అన్నింటికంటే తక్కువ నమ్మాలి. రెండో రకాన్ని కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదని తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో నేను పడిన ఇబ్బంది కంటే సత్యవతి పడిన మాటలు ఎక్కువ. అందుకే రాస్తున్నాను. ఇంట్లో అరవై దాటినవాళ్లున్నవారికి ఏమైనా పనికొస్తే మంచిదే.

నేను రైల్వేలో ముప్పై ఏడేళ్లు చేశాను. ఎక్కువ కాలం విజయనగరం, శ్రీకాకుళం మధ్య చిన్న స్టేషన్లలో స్టేషన్ మాస్టర్‌గా ఉన్నాను. 2008లో రిటైరై కొత్తవలసలో ఇల్లు కట్టుకున్నాం. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ డైరీ రాస్తున్నాను. ట్రైన్ రిజిస్టర్ రాసే పద్ధతే ఇంటి డైరీకీ వచ్చింది. మొదట టైము, తర్వాత జరిగింది, అంతే. అభిప్రాయాలు ఉండవు. మా ఇంట్లో ఏ వాదన వచ్చినా డైరీ తీసేవాళ్లం. మా అమ్మాయి సునీత ఏ నెలలో నడిచింది, మామగారి మామిడి చెట్లు ఏ తుఫానుకి పడ్డాయి, ఫలానా పెళ్లికి ఎవరు రాలేదు, అన్నీ అందులోనే తేలేవి. డైరీలో ఉంటే జరిగినట్టు. లేకపోతే జరగనట్టు. సత్యవతి మాత్రం ఆ పుస్తకాన్ని ఎప్పుడూ తెరిచేది కాదు. దుమ్ము దులిపి, ఉన్న చోటే పెట్టేది.

2016 జూలై, మూడో వారం

జబ్బు మొదలైన రోజు పేజీలో ఇలా ఉంది: "ఉదయం 6.00. కాఫీ. వాన." దాని కింద మళ్లీ అదే వాక్యం. దాని కింద మరోసారి అదే. అక్షరాలు చక్కగా, వరుసలో ఉన్నాయి. మూడు చోట్లా టైము ఆరే. రాస్తున్నప్పుడు నాకు ఏ అనుమానమూ రాలేదు.

తర్వాత సంగతులు సత్యవతి చెప్పినవి. పేపరు ముందు పెట్టుకుని గంటసేపు ఒకే పేజీ చూస్తూ కూర్చున్నానట. పాలు వచ్చాయా అని ఐదుసార్లు అడిగానట. భోజనానికి పిలిస్తే వచ్చాను, పెట్టింది తిన్నాను, కానీ చెప్పకపోతే లేవలేదు. పక్కింటివాళ్లు వచ్చి చూశారు. కాలూ చెయ్యీ ఆడుతున్నాయి, మూతి వంకర పోలేదు, మాట తడబడటం లేదు కాబట్టి పక్షవాతం కాదని తేల్చారు. వయసు, నీరసం, నిద్ర చాలకపోవడం అన్నారు. అలా రెండు రోజులు పోయాయి. ఎవరినీ తప్పు పట్టను. ఆ స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ని. కానీ చదివేవాళ్లకు చెబుతున్నాను: మెదడులో రక్తనాళం మూసుకుపోతే కాలూ చెయ్యీ పడిపోవాలని లేదు. మనిషి ఉన్నట్టుండి మందకొడిగా అయిపోయి, అడిగిందే అడుగుతుంటే అదే రోజు తీసుకెళ్లండి.

మూడో రోజు సునీత వచ్చింది. విజయనగరంలో స్కూల్లో టీచరు. వర్షంలో తడుస్తూ వచ్చిన పిల్లని చూసి, తల తుడుచుకోవడానికి తువ్వాలు ఇవ్వమని సత్యవతికి చెప్పబోయాను. తువ్వాలు అన్న మాట రాలేదు. "అది, ఆ గుడ్డ, తడికి" అన్నానట. సునీత గుమ్మంలోనే ఆగిపోయి, తను దిగిన ఆటోలోనే నన్ను ఎక్కించింది.

విజయనగరం ఆసుపత్రి వరండాలో మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. నాకు ఆ వరండా గుర్తు లేదు. భోగాపురం వైపు సముద్రపు ఊరి నుంచి ఒకావిడ మా పక్కన కూర్చుందట. చేపలమ్మే ఆవిడ. భర్తకి ఫిట్స్ వస్తుంటే తీసుకొచ్చింది. మన నంబరు ఎంత అని నేను సత్యవతిని అడగడం, మళ్లీ అడగడం, సత్యవతి కళ్లల్లో నీళ్లు తిరగడం చూసి, ఆ పని తను తీసుకుంది. నేను అడిగినప్పుడల్లా ఆవిడే చెప్పింది.

"ఇరవై మూడు బాబూ. మాది ఇరవై నాలుగు. మీ ఎనకాలే ఉన్నాం, మిమ్మల్ని ఒగ్గేసి ఎల్లిపోం."

ఎనిమిదిసార్లో తొమ్మిదిసార్లో చెప్పిందట. ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టే చెప్పిందని సత్యవతి ఇప్పటికీ అంటుంది. ఆవిడ పేరు అడగడం మా ఇద్దరికీ తోచలేదు.

ఆగస్టు

వారం తర్వాత ఇంటికి పంపారు. మగత తగ్గింది. పేర్లు కొద్దికొద్దిగా తిరిగొచ్చాయి. నా మొదటి స్టేషన్ కేబిన్లో సిగ్నళ్లు, పట్టాలు మార్చే లీవర్లు ఎన్ని ఉన్నాయో, ఏది దేనికో చెప్పగలను. పొద్దున ఏం తిన్నానో చెప్పలేను. ఇది ఎలా సాధ్యమో ఆసుపత్రిలో నన్ను చూసిన డాక్టరమ్మ రెండుసార్లు చెప్పారు. మొదటిసారి చెప్పింది నా దగ్గర నిలవలేదు. రెండోసారి సునీత కాగితం మీద రాసి డైరీలో అంటించింది. దాన్ని చూసే ఇది రాస్తున్నాను.

మెదడు నడిమధ్యలో థాలమస్ అని ఒక భాగం ఉంది. చిన్న గుడ్లు రెండు పక్కపక్కన పెట్టినట్టు, కుడికొకటి, ఎడమకొకటి. అది ఒకే ముద్ద కాదు. అందులో కణాలు గుంపులు గుంపులుగా ఉంటాయి. ఆ గుంపులను కేంద్రకాలు అంటారు. ఒక్కో కేంద్రకానికి వేరే పని, వేరే లైన్లు. చూపు ఒకదాని గుండా వెళుతుంది, వినికిడి ఇంకొకదాని గుండా, స్పర్శ మరొకదాని గుండా. అన్నిటికంటే ముందు కొసన ఉన్నది ముందు కేంద్రకం. అది జ్ఞాపకాల దారిలో ఉంది.

ఆ దారి ఇలా ఉంటుంది. రోజూ జరిగేవి మొదట హిప్పోక్యాంపస్ అనే చోట కూడుతాయి. అక్కణ్నుంచి విల్లులా వంగిన ఒక లైను బయలుదేరుతుంది. అందులో కొంత నేరుగా ముందు కేంద్రకానికి వస్తుంది. మిగతాది మెదడు అడుగున ఉన్న మామిల్లరీ బాడీలనే రెండు చిన్న బుడిపెల దగ్గరికి పోయి, అక్కణ్నుంచి ఇంకో సన్నని లైను మీద పైకెక్కి ఇదే కేంద్రకానికి చేరుతుంది. ఇక్కణ్నుంచి మెదడు లోపలి మడతకు పోయి, అక్కణ్నుంచి తిరిగి హిప్పోక్యాంపస్‌కే వస్తుంది. చుట్టు తిరిగే లైను. నాకు మూసుకుపోయింది ఎడమ థాలమస్ ముందు కొసకు రక్తమిచ్చే సన్నని రక్తనాళం. స్కానులో మచ్చ శనగగింజంత కూడా లేదు. ఎడమ వైపు కాబట్టి పేర్లు, మాటలు ఎక్కువ దెబ్బతిన్నాయి.

"అంటే అక్కడ సరుకు నిల్వ ఉండదన్నమాట, బండ్లు దాటే చోటు" అన్నాను.

"సరిగ్గా అంతే. మీరు నాకంటే బాగా చెప్పారు" అన్నారు ఆవిడ.

కొత్తవలసలో ఉండేవాడికి దీన్ని వేరే చెప్పనక్కర్లేదు. కిరండూల్ ఇనుప గనులకు పోయే లైను ఇక్కడే చీలుతుంది. ఖనిజం ఇక్కడ పుట్టదు, ఇక్కడ దిగదు. కానీ ఇక్కడ బండిని పట్టా మార్చే పాయింట్లు పనిచేయకపోతే కొండల మీద తవ్వింది రేవుకు చేరదు. ఇంత అర్థమైంది కదా అని ధైర్యంగా ఉన్నాను. ఆ ధైర్యమే నన్ను తప్పుదారి పట్టించింది.

రక్తం గడ్డకట్టకుండా ఒక మాత్ర ఇచ్చారు. రాత్రి భోజనం తర్వాత ఒకటి, మానకూడదు. మానితే మళ్లీ రావచ్చని, ఈసారి ఇంత చిన్న మచ్చతో పోకపోవచ్చని గట్టిగా చెప్పారు. జ్ఞాపకం మీద ఆధారపడకండి, రాసుకోండి అని కూడా చెప్పారు. ఆ మాట విని సునీత నవ్వింది. మా నాన్నకి రాసుకోమని చెప్పక్కర్లేదు డాక్టర్ గారూ అంది.

అక్టోబరు

మొదటి వారంలో ఒక ఉదయం షేవింగ్ చేసుకుంటుంటే కుడిచేతి మూడు వేళ్లు మొద్దుబారాయి. పెదవి కుడి కొస కూడా. పది నిమిషాల్లో తగ్గింది. సత్యవతి ఈసారి పక్కింటివాళ్లని పిలవలేదు. సునీతకి ఫోన్ చేసి, నన్ను తీసుకుని మొదటి బస్సెక్కింది.

ఆసుపత్రిలో నర్సు మాత్రల అట్టలు అడిగింది. సత్యవతి సంచిలోంచి తీసి ఇచ్చింది. నర్సు లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి, పందొమ్మిది మాత్రలు ఎక్కువ మిగిలాయంది. అంటే పందొమ్మిది రోజులు వేసుకోలేదు. ఈ వేళ్లు మొద్దుబారడం ఒక హెచ్చరిక, ఈసారికి అదృష్టం అన్నారు డాక్టరమ్మ.

వరండాలోకి వచ్చాక సునీత తల్లి మీద విరుచుకుపడింది. పొద్దుటినుంచి రాత్రిదాకా ఇంట్లోనే ఉంటావు, ఒక్క మాత్ర ఇవ్వడానికి నీకేమైంది అంది. సత్యవతి సంచి మడత పెడుతూ చెప్పింది.

"నానడుగుతానే ఉన్నాను. ఏసుకున్నాను, రాశాను అంటారు. రాశానంటే మరేటి సేస్తాను?"

నేను నా చేతిసంచిలోంచి డైరీ తీశాను. ఎక్కడికి వెళ్లినా నా వెంట ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరు పేజీలు తిప్పి చూపించాను. దాదాపు ప్రతి రోజూ చివరి వరుస ఒకటే: "భోజనం. సత్యవతి మాత్ర, మంచినీళ్లు ఇచ్చింది. వేసుకున్నాను."

"నువ్వే ఇచ్చావు. ఇందులో ఉంది" అన్నాను. "ఆ నర్సు లెక్క తప్పయి ఉంటుంది, లేకపోతే షాపువాడు ఒక అట్ట ఎక్కువ ఇచ్చి ఉంటాడు."

నలభై ఏళ్లలో సత్యవతి ఆ పుస్తకంలోకి తొంగిచూడటం అదే మొదటిసారి. నాలుగైదు పేజీలు చదివింది. తన పేరు రోజూ అందులో ఉందని అప్పటిదాకా ఆమెకు తెలియదు. సునీత ఆ పేజీలూ, తల్లి ముఖమూ చూసి, ఒక నిర్ణయానికి వచ్చింది. అమ్మకి కూడా మతిమరుపు మొదలైందని, ఏ రోజు ఇచ్చిందో ఏ రోజు ఇవ్వలేదో తనకే గుర్తుండటం లేదని నాతో గుసగుసగా అంది. మాత్రల లెక్క తన దగ్గర పెట్టుకుని, రోజూ ఫోన్లో చెప్పి వేయిస్తానంది. నేను తలూపాను. రాసిన వాడిని నేనే కాబట్టి నాకు అనుమానానికి చోటు లేదు. పైగా ఆ దృశ్యాలు నాకు కళ్లకు కట్టినట్టు గుర్తున్నాయి.

ఆ తర్వాత పది రోజులు మా ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి.

అక్టోబరు చివర

సత్యవతి తమ్ముడు అప్పలనాయుడు పాతపట్నం నుంచి నన్ను చూడటానికి వచ్చాడు. వరి, మా వైపు చోళ్లనే రాగులు పండించే మనిషి. నోటికి అడ్డు లేదు, మనసులో ఏదీ దాచుకోడు. అక్కతో వంటింట్లో కాసేపు మాట్లాడి, నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఆరోగ్యం అడిగాడు. పంట సంగతి చెప్పాడు. తర్వాత టేబులు మీదున్న డైరీ వైపు గడ్డం చూపించాడు.

"బావా, మా అక్క అబద్దమాడదు. ఎప్పుడూ ఆడనేదు. నీ పుస్తకం ఆడతాదేమో ఓపాలి సూడు."

నాకు కోపం వచ్చింది. ఈ పుస్తకం పుట్టినప్పుడు నువ్వు నిక్కర్లు వేసుకుని తిరిగేవాడివి అన్నాను.

"ఔను. నిక్కరోణ్నే. నీ తలలో మచ్చ అప్పుడు లేదు గదా" అన్నాడు.

అతను వెళ్లాక, అతని మాట తప్పని నిరూపించడానికే కూర్చున్నాను. ఇది నాకు తెలిసిన పని. సర్వీసులో ఏదైనా తేడా జరిగితే ఎంక్వయిరీ వేసేవారు. మొదట రిజిస్టర్లు స్వాధీనం చేసుకునేవారు. సాక్షి ఏం చెప్పాడన్నది తర్వాత. రాసిన దానిలోనే ఒక వరుస ఇంకో వరుసతో పొసగుతుందా లేదా అన్నది ముందు. రెండు స్టేషన్ల టైములు పొసగకపోతే ఎవరో ఒకరు జరగనిది రాశారన్నమాట. నేనూ ఒక కాగితానికి గళ్లు గీసి, జూలై నుంచి ప్రతి పేజీని ఆ కళ్లతో చదివాను.

సెప్టెంబరు రెండో వారంలో ఆగాను. ఉదయం 7.30: "సత్యవతి పాతపట్నం బస్సుకు బయలుదేరింది. మేనకోడలి నిశ్చితార్థం. రేపు సాయంత్రం వస్తుంది. సునీత స్కూలు అయ్యాక ఇక్కడికి వస్తుంది." ఇది బస్సు కదలగానే స్టాండులోనే రాసింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి. అదే పేజీ అడుగున, టేబులు దగ్గర కుదురుగా కూర్చుని రాసిన అక్షరాల్లో: "భోజనం. సత్యవతి మాత్ర, మంచినీళ్లు ఇచ్చింది. వేసుకున్నాను."

చాలాసేపు ఆ పేజీనే చూశాను. భయం వేసింది. పొరపాటు చేసినందుకు కాదు. ఆ రాత్రి నాకు గుర్తుంది. స్టీలు గ్లాసు, దాని అడుగున తడి, ఆమె గాజులు గ్లాసుకు తగిలిన చప్పుడు. అంత స్పష్టంగా గుర్తున్న మనిషి ఆ పూట నూటయాభై కిలోమీటర్ల దూరంలో, ఒడిశా సరిహద్దు పక్కన, చుట్టాలకు భోజనాలు వడ్డిస్తూ ఉంది. సునీత వచ్చి మాత్ర వేసుకున్నారా అని అడిగితే రాసేశానన్నానట. పుస్తకం మూసి ఉంది. ఆ పిల్ల తెరవలేదు. నాన్న రాశానంటే మా ఇంట్లో ఎవరూ తెరవరు.

ఎలా జరిగిందో అప్పుడు తేలింది. జబ్బుకు ముందు నేను జరిగిన వెంటనే రాసేవాణ్ని. జబ్బు తర్వాత, మర్చిపోతానేమోనన్న కంగారులో, రోజూ భోజనానికి ముందే కూర్చుని పేజీ అంతా నింపేయడం మొదలుపెట్టాను. రోజూ చివర జరిగేది మాత్ర కాబట్టి అదీ రాసేశాను. తర్వాత సత్యవతి అడిగితే పుస్తకం చూసేవాణ్ని. అందులో ఉంది కాబట్టి వేసుకున్నానని చెప్పేవాణ్ని. ఆమె అడగకుండా నేరుగా గ్లాసు చేతికిచ్చిన రోజుల్లో మాత్రమే మాత్ర లోపలికి పోయింది. బండి రాకముందే వచ్చినట్టు రాయడం మా శాఖలో ఉద్యోగం పోయేంత తప్పు. ఆ తప్పు సర్వీసులో ఒక్కసారీ చేయలేదు.

తర్వాతి పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరమ్మని అడిగాను, నేను అబద్ధం రాశానా అని. కాదన్నారు. లైను తెగినచోట ఖాళీ ఉంటే మెదడు దాన్ని ఖాళీగా వదలదట. మామూలుగా అక్కడ ఏది ఉంటుందో అది తెచ్చి పెడుతుందట. ఒక్కోసారి పాత నిజాన్నే కొత్త తేదీ వేసి పెడుతుందట. అది మనిషికి అచ్చం జ్ఞాపకంలాగే ఉంటుంది, తేడా లోపల్నుంచి తెలియదు అన్నారు. ఈ చివరి మాట ఆవిడతోనే కాగితం మీద రాయించుకున్నాను.

కానీ అది తర్వాత. ఆ రోజు ముందు వంటింట్లోకి వెళ్లాను. సత్యవతి తమ్ముడు తెచ్చిన చోళ్లు చేటలో పోసి చెరుగుతోంది. నువ్వు ఇవ్వలేదు, నేనే జరగనిది రాశాను అన్నాను. పేజీ చూపించాను. చూడలేదు. చెరగడం ఆపలేదు.

"ఆ మాట నాకెందుకండీ సెప్తారు. నాకు తెల్దా? సునీతకి సెప్పండి."

సునీతకి ఫోన్ చేశాను. సత్యవతికి వినపడేలా స్పీకరు పెట్టి, తేదీతో సహా మొత్తం చెప్పాను. విని అమ్మకివ్వమంది. ఫోన్ సత్యవతి చేతికిచ్చి నేను బయటికొచ్చేశాను. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో డైరీలో లేదు.

నవంబరు తర్వాత

కొత్త పద్ధతి పెట్టాం. లెవెల్ క్రాసింగ్ దగ్గర గేటు మూశానని గేట్‌మన్ ఫోన్లో చెబితే స్టేషన్ మాస్టర్‌కి చాలదు. అతని దగ్గర రెండంకెల సంఖ్యలు వరుస లేకుండా అచ్చేసిన కాగితం ఒకటి ఉంటుంది. గేటు మూసి, తాళం వేశాక అందులో తర్వాతి సంఖ్య చెబుతాడు. దాన్ని ప్రైవేట్ నంబర్ అంటారు. ఆ నంబరు రిజిస్టర్లో పడితేనే బండికి సిగ్నల్. ఊహించి రాయడానికి వీల్లేదు. అలాంటి కాగితం సునీత తయారుచేసి తల్లికిచ్చింది. నేను చూడకుండా సత్యవతి దాన్ని పోపులపెట్టె కింద దాస్తుంది. మాత్ర నేను మింగాక, నోరు తెరిచి చూపించాక, ఒక నంబరు చెప్పి కొట్టేస్తుంది. నంబరు లేని వరుస నా డైరీలో చెల్లదు.

"ముప్పై ఏడేళ్లు గేట్ల కాడోళ్లని అడిగారు. ఇప్పుడు మీరు సెప్పుకోండి" అంది మొదటి రోజు. వేళ్లు మళ్లీ మొద్దుబారలేదు. కిందటి స్కానులో కొత్త మచ్చ లేదు.

పాత రాతలు మిగిలాయి. రిజిస్టర్లో తప్పు పడితే చెరపకూడదు, దిద్దకూడదు. కింది అక్షరాలు కనబడేలా ఒకే గీత కొట్టి, పక్కన సంతకం పెట్టాలి. ఒక ఆదివారం ఉదయం ఆ మూడు నెలల డైరీ పట్టుకుని సత్యవతి పక్కన కూర్చున్నాను. ఏది జరిగిందో ఏది జరగలేదో తేల్చే అధికారం నాకు లేదు కాబట్టి ఆమెను చెప్పమన్నాను. గీత నాది, సంతకం ఆమెది. పొట్టి సంతకం చాలన్నా వినకుండా ప్రతిచోటా పేరంతా రాసింది. "శ్రీకూర్మం వెళ్లి వచ్చాం" అని ఉన్నచోట, అది ఏడేళ్ల కిందటి మాట అంది. గీత కొట్టాం. "చెల్లెలి ఫోను" అని ఉన్నచోట, మా చెల్లెలు పోయి నాలుగేళ్లయిందని నెమ్మదిగా చెప్పింది. అక్కడా గీత కొట్టాను. మాత్రల వరుసల్లో సగానికి పైగా ఆమెకూ తెలియదు. వాటి పక్కన "తెలియదు" అని రాసి సంతకం పెట్టింది.

ఆగస్టు ఆఖరు పేజీలో ఒక వరుస వచ్చింది. "సాయంత్రం 5.30. సత్యవతి పాట పాడింది." నలభై ఒక్క ఏళ్ల కాపురంలో ఆమె పాడగా నేను వినలేదు. ఇది అడగక్కర్లేదనుకుని స్కేలు పెట్టి కలం ఆనించాను.

"అది కొట్టీకండి" అంది. "పాడాను."

తల ఎత్తి చూశాను. ఆమె పేజీ వైపే చూస్తోంది. ఆ రోజు నేను ఆమెను పోల్చుకోలేదట. ఎవరమ్మా నువ్వు అని అడిగి, మా ఆవిడ ఇంకా రాలేదని గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నానట. ఏం చేయాలో తోచక పాడిందట. పాట అయ్యేసరికి పేరు పెట్టి పిలిచానట. నాకు ఇప్పటికీ అదేమీ గుర్తు లేదు. స్కేలు పక్కన పెట్టి, ఏ పాట అని అడిగాను.

"ఏటి పాటో అది రాసుకోనేదేటి?" అని పేజీ తిప్పింది.